ఛాయాచిత్రకళ – అభ్యాసకుల సందేహములు



రజతోత్సవ సమయమున ఛాయాచిత్రమును గూర్చి ప్రసంగించుట సముచితమే. ఏలయన నూరేండ్లకు పైగా ఈ కళకు ప్రాణాధారమైనది రజతమే. వెలుతురు సోకినంతనే మార్పుచెందు వెండి లవణములను గాజుపలకపైనో, ఫిల్ముపైనో పూసి, వానిపై లోకము యొక్క రూపమును నిలిపిరి. 1839లో ఫ్రాన్సు దేశమున డగేర్ తన విధానమును లోకమునకు వెల్లడించెను. వెండిపూత గల రాగిరేకుపై బొమ్మను నిలుపుటయే ఆ విధానము.

తెలుగునాటికి ఈ కళతో చెప్పుకొనదగిన సంబంధము కలదు. 1844లో ఉత్తర హిందూస్థానమునందలి సర్ధనా పట్టణమున జన్మించిన లాలా దీనదయాళు, హైదరాబాదు ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ‘రాజా’ బిరుదమును బడసి, 1905లో కీర్తిశేషుడయ్యెను. ఆయన గాజుపలకలు రెండువేలకు పైగా నేడు ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. నూరేండ్లు దాటిన ఆ పలకలనుండి నేటికిని చిత్రములను ముద్రింపవచ్చును.

1975లో అమెరికాయందలి కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు ఫిల్ముతో పనిలేని కెమెరాను నిర్మించెను. దాని చిత్రమునందు గల చుక్కలు 10,000 మాత్రమే. ఒక్క చిత్రమును క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది. నేటి సాధారణ కెమెరా క్షణములో 2 కోట్ల 40 లక్షల చుక్కలతో చిత్రమును తీయుచున్నది. ప్రతి యింట చేతిఫోనే కెమెరా యైనది. ఆ విధముగా చిత్రము తీయుట సులభమైనది. దానిని నిలుపుకొనుట మాత్రము కష్టమైనది. తాతగారి పటము గోడపై నేటికిని ఉన్నది; మొన్న తీసిన మనుమరాలి అన్నప్రాశన చిత్రము ఫోను నీటబడుటతో పోయినది. ఇట్టి మాట వినని ఊరు లేదు.

అభ్యాసకుల ప్రశ్నలు రెండు విధములు: పరికరములను గూర్చినవి, ఫైళ్లను గూర్చినవి. జనులు మొదటివానిపై ధనము వ్యయపరచి, రెండవవానియెడ అశ్రద్ధ వహించుచున్నారు.

మొదటి ప్రశ్న: ఎన్ని మెగాపిక్సెళ్ల కెమెరా కావలెను? మెగాపిక్సెలనగా పదిలక్షల చుక్కలు. ఆల్బములో నంటించు 6×4 అంగుళముల ఫోటోకు, అంగుళమునకు 300 చుక్కల చొప్పున లెక్కించినను, 21 లక్షల 60 వేల చుక్కలు చాలును. గోడకు తగిలించు 12×8 అంగుళముల పటమునకు 86 లక్షల 40 వేలు చాలును. కావున ఈ అంకె పెద్దదను నెపమున అధికధనము చెల్లించుట వ్యర్థము.

అంకెకంటె ముఖ్యమైనది కెమెరాలో వెలుతురును పట్టు సెన్సారు పరిమాణము. వాన కురియునపుడు వాకిట ఉంచిన గంగాళములో పడినన్ని నీళ్లు చెంబులో పడవు. పెద్ద కెమెరాలలో ఈ సెన్సారు 36×24 మిల్లీమీటర్లుండును. చేతిఫోనులో మిక్కిలి చిన్నది. కనుకనే రాత్రివేళ రథోత్సవమును ఫోనుతో తీసినపుడు చిత్రము గరుకుగా వచ్చును. ఆ లోపమును కప్పుటకై ఫోనులు అనేక చిత్రములను వెంటవెంటనే తీసి ఒక్కటిగా కలుపుచున్నవి. కదలని వస్తువులకు ఆ ఉపాయము చక్కగా పనిచేయును. చిందులు వేయు పిల్లలకు అంతగా పనిచేయదు.

రెండవ ప్రశ్న: కెమెరాపై ఎంత, లెన్సుపై ఎంత వ్యయపరచవలెను? లెన్సునకే ప్రాధాన్యమీయవలెను. లెన్సుపై ‘ఎఫ్’ అను అక్షరముతో నొక అంకె యుండును. అది తగ్గినకొలది లోనికి వచ్చు వెలుతురు పెరుగును. సగమైనచో వెలుతురు నాలుగు రెట్లగును. కెమెరాతో వచ్చు సాధారణ లెన్సు దూరదృశ్యములకు ఎఫ్ 5.6 వద్ద నిలిచిపోవును. ఎఫ్ 1.8 గల 50 మిల్లీమీటర్ల లెన్సు దానికంటె తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు నిచ్చును. వెలయును అధికము కాదు. పాతది కొనువారు లెన్సులోనికి టార్చిలైటు వేసి చూడవలెను. సాలెగూటి పోగులవలె కనిపించునది బూజు. అది అద్దముపై పూతను తినివేయును. ఒకసారి మచ్చ పడినచో తుడిచినను పోదు.

సముద్రతీరపు జిల్లాలలో ఈ బూజు బాధ మెండు. తోలుసంచి తేమను పీల్చి నిలుపుకొనును గావున లెన్సును నెలల తరబడి అందులో నుంచరాదు. గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో నుంచవలెను. రంగు మారు జాతి సిలికాజెల్‌ను వేడిచేసి తిరిగి వాడుకొనవచ్చును. అన్నిటికంటె మేలైన చికిత్స, లెన్సును తరచు వెలుతురులోనికి తీసి వాడుటయే.

మూడవ ప్రశ్న ఫైళ్లను గూర్చినది: ‘రా’ ఫైలా, జేపెగ్ ఫైలా? విత్తనపు వడ్లకును వండిన అన్నమునకును గల భేదమే వీనికిని గలదు. జేపెగ్ వండిన అన్నము, వెంటనే వడ్డింపవచ్చును. అందు ఒక్కొక్క రంగునకు 256 ఛాయలు మాత్రమే యుండును. 14 బిట్ల ‘రా’ ఫైలులో 16,384 ఛాయలుండును. మిట్టమధ్యాహ్నము తెల్లని పంచె కట్టిన పెద్దమనిషిని తీసినపుడు పంచె మడతలు మాసిపోయినచో ‘రా’ ఫైలునుండి కొంతవరకు తిరిగి రాబట్టవచ్చును. జేపెగ్‌లో అది సాధ్యము కాదు. అయితే ‘రా’ ఫైలు రెండు మూడు రెట్లు పెద్దది. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క తీరు. కావున ముఖ్యదినములలో రెండును తీయుట, సామాన్యదినములలో జేపెగ్‌తో తృప్తిపడుట వివేకము.

జేపెగ్‌ను మాటిమాటికి తెరచి చూచినచో చెడునని కొందరి భయము. అది నిజము కాదు. చూచుటవలనను, నకలు తీయుటవలనను ఏ నష్టమును లేదు. మార్పులు చేసి మరల సేవ్ చేసినపుడే సూక్ష్మాంశములు కొన్ని పోవును. కనుక అసలు ఫైలును తాకక, నకలుపైనే మార్పులు చేయవలెను.

అసలు హాని మరియొకచోట జరుగుచున్నది. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన చిత్రము చిన్నదై చేరును. తీసిన తేదీ మున్నగు వివరములును దానినుండి తొలగిపోవును. ఇంటి పెద్ద గతించినపుడు దశదినకర్మకు ఫ్లెక్సీ వేయింపబోవగా, చేతులు మారిన చిత్రమొక్కటే దొరకి, ఆ ముఖము మసకగా వచ్చుట ఎన్ని యిండ్లలో జరుగుట లేదు? చిత్రమును ‘డాక్యుమెంటు’గా పంపినచో ఉన్నదున్నట్లు చేరును. ఈ చిన్న యెరుక ఒక కుటుంబమునకు పెద్ద ఊరట.

నాలుగవ ప్రశ్న: ఎట్లు దాచవలెను? అనుభవజ్ఞులు చెప్పు సూత్రము సులభము. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, వానిలో నొకటి వేరొకచోట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇండ్లను ముంచివేసెను. అట్టి యాపదలో ఒకే బీరువాలోని మూడు ప్రతులును ఒక్కసారియే నశించును. బంధువులయింట నున్న నాలుగవ డిస్కు ఒక్కటే మిగులును.

ఫైలు పేరునందు ముందు సంవత్సరము, పిదప నెల, పిదప తేదీ వ్రాసినచో అన్నియు కాలక్రమమున నిలుచును. కెమెరా గడియారమును సరిచేసి యుంచవలెను. ఇంతకంటె ముఖ్యము పేర్లు. ఎడమనుండి కుడికి ఎవరెవరు నిలిచియున్నారో పెద్దలు జీవించియుండగనే అడిగి వ్రాసికొనవలెను. పాత పటముల వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను గాని బాల్‌పెన్నుతో కాదు. చిత్రము నిలిచి, పేరు నశించినచో ఆ చిత్రములోని మనిషి తన వంశమునకే అపరిచితుడగును.

ఇచట గ్రంథాలయమునకు కర్తవ్యము కలదు. పుస్తకములను కాపాడుచు వచ్చిన సంస్థకు చిత్రములను కాపాడుట కష్టము కాదు. ప్రతి కుటుంబమును పది చిత్రములను ఎన్నుకొని, పేర్లతో, తేదీలతో, ఒక ప్రతిని గ్రంథాలయమునకు ఒప్పగింపవచ్చును. పాత పటములను అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేయించి, అసలును వెంటనే యజమానికి మరల నీయవలెను. ఇంటివారి అనుమతి లేనిదే ఏ చిత్రమును ఇతరులకు చూపరాదు. స్త్రీల, పిల్లల చిత్రముల విషయమున ఈ నియమము మరింత కఠినముగా నుండవలెను. ఏటేట ఒకనాడు డిస్కులను తెరచి పరీక్షించి, పాతబడినవానిని మార్చవలెను.

ఈ పనికి కావలసిన ధనము స్వల్పము; కావలసినది శ్రద్ధ. ఊరిలో అక్షరము నేర్చిన యువకులు వారమునకొక గంట వెచ్చించినచో చాలును. స్వర్ణోత్సవమునాటికి ఈ ఊరి ముఖములును, వాని పేర్లును నిలిచియుండుట వారి చేతిలోనే యున్నది.