చిన్న ఇంజనుకు చిటికెడు పెట్రోలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు మాట్లాడారు. నేను వర్కుషాపులో పనిచేసి రిటైరైన వాణ్ణి కాబట్టి నాకు తెలిసిన ఇంజను సంగతే చెబుతాను. మనలో చాలామందికి కాస్తో కూస్తో టమోటా మడో, మామిడి తోపో ఉంది. కూలీలు దొరకని ఈ రోజుల్లో గడ్డి కోసే మిషను, కొమ్మలు కోసే రంపం మిషను ఇంటింటికీ వచ్చాయి. ఏడాది తిరక్కుండానే “ఇంజను పట్టేసింది” అనే మాట కూడా వింటున్నాం. చాలాసార్లు తప్పు ఇంజనుది కాదు, కార్బురేటరు సెట్టింగుది.

స్కూటరు కార్బురేటరులో ఒక తొట్టి, అందులో తేలే ఫ్లోటు ఉంటాయి. బండి నిటారుగా నిలబడితేనే అది పనిచేస్తుంది. రంపాన్ని పక్కకు వంచుతాం, తలకిందులు చేస్తాం. అందుకని ఇందులో ఫ్లోటుకు బదులు డయాఫ్రం అనే పల్చటి పొరలు రెండు పెట్టారు. పిస్టను కిందికీ పైకీ ఆడేటప్పుడు క్రాంకుకేసులో పుట్టే ఒత్తిడి ఒక సన్నని రంధ్రం గుండా వచ్చి మొదటి పొరను ఆడిస్తుంది. అది టాంకులోని పెట్రోలును లాగే పంపు. రెండో పొర కొలత చూసేది. ఇంజను పీల్చినప్పుడు అది లోపలికి వంగి ఒక చిన్న మీటను నొక్కుతుంది. అప్పుడు సూది లేచి, కావలసినంత పెట్రోలు వదులుతుంది. ఈ పొర బిగుసుకుపోతే స్క్రూలు ఎంత తిప్పినా సెట్టింగు నిలవదు.

బయట మూడు స్క్రూలు కనిపిస్తాయి. ఎల్ అన్నది తక్కువ వేగానికి, హెచ్ అన్నది పూర్తి వేగానికి పెట్రోలు సరిచేసేవి. మూడోది ఐడిల్ వేగానిది. ఎల్, హెచ్‌లను కుడివైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది.

స్క్రూ ముట్టుకునే ముందు ఎయిర్ ఫిల్టరు కడగండి, ప్లగ్గు చూడండి, కొత్త పెట్రోలు పోయండి. నూనె పాళ్ళు మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్నట్టే కలపండి. 50కి 1 అంటే లీటరుకు 20 మి.లీ., 25కి 1 అంటే 40 మి.లీ. సగం జబ్బులు ఇక్కడే నయమవుతాయి.

తర్వాత ఎల్, హెచ్‌లను మెల్లగా చివరి దాకా మూసి, పుస్తకం చెప్పినన్ని చుట్లు తెరవాలి. సాధారణంగా అది ఒక చుట్టు అటూ ఇటూ ఉంటుంది. బిగించి మూస్తే సూది మొన చెడుతుంది. ఇంజను బాగా వేడెక్కనివ్వండి. ఎల్‌ను అటూ ఇటూ తిప్పి, ఐడిల్ ఎక్కడ ఎక్కువగా లేస్తుందో చూసుకుని, అక్కడి నుంచి కొద్దిగా తెరవండి. ఎక్సలేటరు నొక్కగానే ఇంజను తడబడితే మరికాస్త తెరవండి. ఐడిల్‌లో బ్లేడుగానీ, రంపం చైనుగానీ తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ తగ్గించాలి. అప్పటికీ ఆగకపోతే ఆ మిషను వాడవద్దు. కాళ్ళు తెగేది ఇలాంటప్పుడే.

చివరిది, ప్రాణమంతా ఉన్నది హెచ్. ఈ టూ-స్ట్రోక్ ఇంజనుకు నూనె వేరే దారిలో రాదు, పెట్రోలుతో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. గొంతు కీచుమని సన్నబడి, వేగం ఇంకా పెరిగినట్టు ఉంటుంది. “భలే పరుగెత్తుతోంది” అని కుర్రాళ్ళు మురిసిపోతారు. పిస్టను పట్టేసే ముందు వినిపించే పాట అది! పూర్తి వేగంలో, పని లేనప్పుడు గొంతు కొంచెం గరగరమనాలి, కొమ్మలో దిగగానే నునుపు కావాలి. ఈ పరీక్ష కొన్ని సెకన్లకు మించి చేయకండి. స్క్రూలకు ప్లాస్టిక్ టోపీలు ఉంటే వాటిని పీకకండి.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచబడుతుంది, వెయ్యి మీటర్లకు సుమారు పదో వంతు. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, హార్సిలీ కొండ 1,200 మీటర్ల పైనే. కింద సెట్ చేసిన మిషను కొండ మీద పొగ కక్కుతుందే తప్ప చెడదు. కొండ మీద సెట్ చేసింది తిరుపతి దగ్గరి తోటలో వాడితే పెట్రోలు చాలక పట్టేస్తుంది. చోటు మారితే సెట్టింగు మళ్ళీ చూసుకోవాలి.

ఇంకొకటి ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి బంకుల్లోకి వచ్చి, తర్వాత దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండడం వల్ల పాత సెట్టింగు మీద ఇంజను కొంత తక్కువ పెట్రోలుతో నడిచినట్టవుతుంది. అది గాలిలోని తేమనూ పీలుస్తుంది, పాత రబ్బరు పొరలను గట్టిపరుస్తుంది. అందుకని పని అయ్యాక టాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపండి. నెలల తరబడి నిల్వ ఉన్న కలిపిన పెట్రోలు వాడకండి. డయాఫ్రంల కిట్టు ఖరీదు, పట్టేసిన సిలిండరు, పిస్టను మార్చే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

మిత్రులారా, ఈ వయసులో ఆ రంపం మనం ఎత్తలేకపోవచ్చు, పిల్లలే ఎత్తుతారు. మనం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఇంజను గొంతు వినవచ్చు. కీచుమంటే “ఒరే అబ్బీ, ఆపు” అనవచ్చు. పింఛను డబ్బుతో కొనిచ్చిన మిషను పదేళ్ళు నడవాలన్నా, కొడుకో మనవడో చేతులూ కాళ్ళూ బాగుండగా ఇంటికి రావాలన్నా, ఆ ఒక్క మాట చాలు.