లెక్క సొంత ఇంటి నుంచి మొదలుకావాలి

 

నెల్లూరు తీరానికి వచ్చి ఒక మనిషిని తలుచుకోకుండా మాట్లాడలేను. 1913 మే 1న, విడవలూరు దగ్గర అలగానిపాడులో, ఒక భూస్వామి ఇంట పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి పుట్టారు. పెద్దయ్యాక పేరులోని కులాన్ని తీసేసి సుందరయ్య అయ్యారు. 1930లో మద్రాసు లయోలా కాలేజీ చదువు వదిలేసి ఉప్పు సత్యాగ్రహంలోకి దూకారు. అప్పటికి పదిహేడేళ్లు. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకంటే చిన్నవాడు.

జైలు నుంచి వచ్చాక సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీల సంఘం పెట్టారు. నా దృష్టిలో ఆయన జీవితమంతటికీ కీలకం ఇక్కడే ఉంది. కూలి పెంచమని ఆ సంఘం అడగాల్సింది ఎవరిని? ఊళ్లో భూములున్నవాళ్లను. అంటే ఆయన ఇంటివాళ్లను, బంధువులను. తర్వాత తన వాటాకొచ్చిన ఆస్తిని కూడా ఉద్యమానికే ఇచ్చేశారు.

అమెరికా చరిత్రలోనూ భూస్వాములు విప్లవ నాయకులయ్యారు. మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో రాసిన జఫర్సన్ వర్జీనియాలో పెద్ద తోటల యజమాని. జీవితకాలంలో ఆయన కింద 600 మందికి పైగా బానిసలు ఉన్నారు. వాళ్లలో ఆయన విడిచిపెట్టింది కొద్దిమందినే. ఆ ప్రకటన గొప్పదే, కాదనను. కానీ అది ఆయన తోట గేటు దగ్గరే ఆగిపోయింది. సుందరయ్య తన గేటు లోపలి నుంచే మొదలుపెట్టారు.

1952లో రాజ్యసభకు వెళ్లారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన సభ్యుడిగా జనం ఆయన్ను ఇప్పటికీ చెప్పుకుంటారు. గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. 1964లో మార్క్సిస్టు పార్టీ తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అంతకుముందు తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపినవారిలో ముఖ్యులు. దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారనీ, 4,000 మంది ప్రాణాలు పోయాయనీ తన పుస్తకంలో రాశారు. ఆ పోరాటం మీద ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. ఆయన పార్టీని మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఆయన పని చేసిన పద్ధతిని మాత్రం చూడమంటాను.

1974లో, అరవై దాటిన వయసులో, పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉంటూనే గుంటూరు జిల్లా అనంతవరం, కాజ గ్రామాల్లో సర్వే చేయించారు. భూమి ఎవరి పేరున ఉంది, సాగు ఎవరు చేస్తున్నారు, కౌలు ఎంత, కూలి ఎంత అని ఆరా తీశారు. ముప్ఫై ఏళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ అనంతవరం వెళ్లారు. పాత లెక్క ఉంది కాబట్టే ఊరు ఎంత మారిందో తేల్చగలిగారు. రాజకీయ నాయకుడు వదిలివెళ్లిన ఆస్తుల్లో ఇంత విలువైనది నాకు మరొకటి కనిపించలేదు.

ఇప్పుడు మన తీరాన్ని చూడండి. వరి పండిన చేలు రొయ్యల గుంటలయ్యాయి. మిగిలిన మాగాణిలో చాలా చోట్ల చేను దున్నేది కౌలు రైతు, కాగితాల్లో పేరు మరొకరిది. 2019 చట్టం కౌలు రైతుకు సాగు హక్కు పత్రం ఇస్తామంది, భూయజమాని సంతకం పెడితే. ఆ ఒప్పందం పదకొండు నెలలకే, యాజమాన్యానికి ఏ ఢోకా లేదు. అయినా పొలం పోతుందేమోనన్న భయంతో సంతకానికి వెనకాడేవాళ్లే ఎక్కువ. సంతకం లేక కౌలు రైతు బ్యాంకు గుమ్మం ఎక్కలేక, వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళుతున్నాడు.

మీలో కొందరి ఇళ్లలో కౌలుకిచ్చిన పొలాలు ఉంటాయి. ఈ రాత్రి పట్టా తీసుకుని ఇంటికి వెళ్లాక, ఆ చేను ఎవరు చేస్తున్నారో నాన్నగారిని అడగండి. అడిగి, సాగు హక్కు పత్రానికి సంతకం పెట్టించండి.