ఊరి చెరువులో గూడబాతులు
మన పొన్నూరు నియోజకవర్గంలోనే, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు ఉంది. అక్కడి చెరువులో తుమ్మచెట్ల నిండా గూళ్లే. ఆకలేసిన గూడబాతు పిల్ల, తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపను లాక్కుంటుంది. గట్టు మీద నిలబడి చూడొచ్చు! ఎర్రకాళ్ల కొంగలూ అక్కడే పిల్లల్ని పెంచుతాయి. అన్నీ సైబీరియా నుంచి వస్తాయనుకుంటారు గానీ, ఈ గూడబాతులు మన దేశంలోనే పుట్టి పెరిగేవి. దగ్గర్లో అడవి లేదు, చుట్టూ పొలాలే. రెట్టల వాసన, రాత్రంతా రొద భరిస్తూ ఈ పక్షుల్ని కాపాడుకొస్తున్నది ఊరి జనమే. మీ ఊరి చెరువులోనూ ఇలా పక్షులు గూళ్లు కడుతుంటే, పూడిక తీయించేటప్పుడు నీటి మధ్య దిబ్బల మీది తుమ్మల్ని కొట్టించకండి. పిల్లలకు రెక్కలొచ్చేదాకా గట్టు మీద టపాకాయలూ వద్దు.