మన పొరుగున జరిగిన ఒక పరిశోధన
(బోయిగూడలో చేసిన ప్రసంగ పాఠము)



చలిజ్వరము పేరు విననివారు మనలో లేరు. మలేరియా అనగా చెడుగాలి అని అర్థము. బురద నేలల నుండి లేచే దుర్వాయువే ఈ జ్వరమునకు కారణమని లోకము శతాబ్దముల తరబడి నమ్మినది. ఆ నమ్మకమును తొలగించిన పరిశోధన మన బోయిగూడకు కొద్ది దూరములో, బేగంపేటలో జరిగినదని మన పిల్లలలో ఎందరికి తెలుసు?

రోనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో జన్మించారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. మలేరియా క్రిమి రోగి రక్తములో ఉన్నదని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే కనుగొన్నారు. అయితే అది ఒకరి నుండి మరొకరికి ఎట్లు చేరుచున్నది? దోమలను అనుమానించిన మాన్సన్ 1894లో లండనులో ఆ సంగతి రాస్‌కు బోధించారు.

రాస్ 1895 నుండి దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూశారు. ఫలితము లేదు. ఆయన చూసినవి మలేరియాను మోయని జాతులు. 1897లో మచ్చల రెక్కల దోమలు దొరికినవి. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని వాటిచేత కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న అట్టి దోమ కడుపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనబడినవి. మలేరియా క్రిమిలో ఉండే రేణువులే అవి!

కొద్ది వారములకే రాస్‌కు బదిలీ అయినది. అయినను విడువక, 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపించునని నిరూపించారు. మనుష్యుల విషయములో అదే సంగతిని ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ ఏడాదే చూపారు. పిమ్మట రాస్ లివర్‌పూల్‌లో ఉష్ణమండల వైద్యశాస్త్ర ఆచార్యులై, 1902లో నోబెల్ బహుమతి పొందారు.

రాస్ పేరు మనకు తెలుసు. కుట్టించుకొన్న హుస్సేన్ ఖాన్‌ను, కలకత్తాలో చేతికి సాయమైన మహమ్మద్ బక్ష్‌ను కూడ తలచుట న్యాయము.

మలేరియాకు టీకా వచ్చినది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా పిల్లలకు దానిని సిఫారసు చేసినది. అయినను 2023లో సుమారు 6 లక్షల మంది ఈ జ్వరముతో మరణించారు. పట్టణములలో ఈ దోమ మురుగులో కంటె మంచినీటి తొట్టెలలో, మేడమీది ట్యాంకులలోనే గ్రుడ్లు పెట్టును. కనుక మూతలు బిగింతము, వారమునకొకసారి తొట్టెలను ఖాళీచేసి తోమి ఆరబెట్టుదము. ఈ పని మన ఇండ్లలో మనమే చేయవలెను.