గోడపై పేరు, గల్లాపెట్టె దగ్గర మనిషి
(సరిహద్దు తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



భాషా హక్కుల సభలో న్యాయవాది అనగానే బడిని గూర్చి మాట్లాడతాడని మీరు అనుకోవచ్చు. నేడు నేను మందుల దుకాణాన్ని గూర్చి మాట్లాడతాను. అందుకు కారణం ఉన్నది. నా కక్షిదారు ఒకరి తల్లి, తెలుగు తప్ప మరొక భాష రాని వృద్ధురాలు, చక్కెర వ్యాధికి మాత్రలు కొనుక్కున్నది. దుకాణంలోని కుర్రవాడు అట్టపై రెండు గీతలు గీసి ఇచ్చాడు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని అతని భావం. ఒకేసారి రెండు అని ఆమె గ్రహించింది. సాయంత్రానికి స్పృహ తప్పింది. సకాలంలో ఆసుపత్రికి చేర్చినందున బ్రతికింది. మర్నాడు నేను ఆ దుకాణానికి వెళ్ళాను. గోడపై లైసెన్సు ఉన్నది. అందులో ఫార్మసిస్టు పేరు ఉన్నది. మనిషి మాత్రం లేడు.

ఈ విషయమై చట్టం ఏమంటున్నదో మనం తెలుసుకోవాలి. 1940 నాటి ఔషధాల చట్టం, 1945 నాటి నిబంధనల ప్రకారం చిల్లర అమ్మకపు లైసెన్సులు ఒకే తీరువి కావు. సాధారణ మందులకు 20వ ఫారం. టీకాలు, ఇన్సులిన్ వంటి వాటికి 21వ ఫారం. ఫార్మసిస్టు లేనివారికి 20ఎ, 21ఎ అనే పరిమిత లైసెన్సులు ఇస్తారు. వీరు అర్హుని పర్యవేక్షణ అవసరం లేని మందులు మాత్రమే అమ్మవలెను. టోకు వ్యాపారానికి 20బి, 21బి. అక్కడ ఫార్మసిస్టే ఉండనక్కరలేదు. ఏడాది అనుభవం గల పట్టభద్రుడైనా, నాలుగేళ్ళ అనుభవం గల మెట్రిక్యులేటైనా చాలును.

బోర్డుపై పేరుకు కూడా నియమం ఉన్నది. ఫార్మసిస్టు అక్కరలేని దుకాణం ‘డ్రగ్ స్టోర్’. ఫార్మసిస్టు ఉండి, మందు కలిపి ఇవ్వనిది ‘కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్’. మందు కలిపి ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నదే ‘ఫార్మసీ’. మన ఊళ్ళలో ఈ తేడా ఎందరు పాటిస్తున్నారో మీరే చూడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది 65వ నిబంధన. వైద్యుని చీటీపై మందు ఇవ్వడం రిజిస్టర్డు ఫార్మసిస్టు చేతనో, అతని స్వయం పర్యవేక్షణలోనో జరుగవలెను. సర్టిఫికెట్ వ్రేలాడదీసినంత మాత్రాన పర్యవేక్షణ కాదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నియమావళి మరొక అడుగు ముందుకు వేసింది. మోతాదు, వాడే విధానం, దుష్ఫలితాలు రోగికి వివరించి చెప్పడం ఫార్మసిస్టు విధి అన్నది. అర్థంకాని భాషలో చెప్పినది వివరణ ఎట్లా అవుతుంది? ఫార్మసిస్టు లేనిచోట ఆ ప్రశ్న వేయడానికి కూడా మనకు ఎదుట మనిషి ఉండడు.

దుకాణదారులపై కత్తి కట్టమని నేను అనడం లేదు. వారిలో మనవారూ ఉన్నారు. పల్లెకు ఫార్మసిస్టు దొరకడం కష్టమని నాకు తెలుసు. చట్టానికీ తెలుసు. అందుకే వెయ్యి మందికి మించని గ్రామంలో పారాసిటమాల్ మాత్రలు, గ్రైప్ వాటర్ వంటి గృహ ఔషధాలను, విప్పని ప్యాకింగులో, లైసెన్సు లేకుండానే అమ్మవచ్చునని మినహాయింపు ఇచ్చింది. చక్కెర మాత్రలు ఆ మినహాయింపులోకి రావు.

మనం చేయవలసిన పనులు మూడు. మొదటిది, దుకాణంలో ఫార్మసిస్టు ఎవరని అడగండి, బిల్లు తీసుకోండి. రెండవది, లోపం కనబడితే మీ రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారికి అర్జీ పెట్టండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చే హక్కు ఉన్నది. జవాబు ఏ భాషలో రావలెనో అక్కడ చెప్పలేదు. కాబట్టి ఒక ప్రతి మనది, ఒక ప్రతి రాష్ట్ర భాషది జతచేయండి. మూడవది, మన పిల్లలను రెండేళ్ళ డి.ఫార్మసీ చదివించండి. ఒక్క జాగ్రత్త: 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం, నివసించే రాష్ట్రంలో లేదా వృత్తి చేసే రాష్ట్రంలో పేరు నమోదై ఉండవలెను. చిత్తూరులో చదివి కోలారులో స్థిరపడి పనిచేసే బిడ్డ కర్ణాటకలో నమోదు కావలసిందే. ఆ రుసుము, ఆ కాగితాలు భారమే. అయినా, ‘అవ్వా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అని చెప్పగల బిడ్డ గల్లాపెట్టె దగ్గర నిలబడితే, రెండు గీతల వల్ల ఎవరి ప్రాణమూ మీదికి రాదు.