ఎద్దుకున్న విలువ మీ దేహానికి లేదా?
(రేడియో ప్రసంగము)

నేటి ధ్యానము లూకా సువార్త 13వ అధ్యాయము, 10 నుండి 17 వచనములు. బైబిలు దగ్గర లేనివారు వింటే చాలును.

18 ఏండ్లుగా నడుము వంగిపోయిన ఒక స్త్రీని యేసు విశ్రాంతి దినమున స్వస్థపరచెను. సమాజమందిరపు అధికారికి కోపము వచ్చినది. మిగిలిన ఆరు దినములలో రావచ్చును గదా అని అతని వాదన. అప్పుడు ప్రభువు వారిని పశువుల కొట్టములోనికి తీసికొనిపోయెను. విశ్రాంతి దినమైనా మీ ఎద్దును, గాడిదను విప్పి నీళ్లకు తోలుకొని పోవుటలేదా, మరి ఈమె మాటేమిటి అని అడిగెను. ఎవరికీ జవాబు దొరకలేదు.

నేను పశువైద్యుడిగా పనిచేసినవాడను. ఆ ప్రశ్నలోని నిజము ఎన్నోసార్లు చూచితిని. గేదె ఒక్క పూట మేత మానితే రైతు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టును. అదే రైతు తన కాలి పుండు ఆరు నెలలుగా మానకపోయినా రక్తపరీక్షకు పోడు. "ఏం కాదులే డాక్టరుగారూ" అనును.

జీవుల ద్వారా మనుష్యుల ఆరోగ్యము నేర్చుకొనుట బేగంపేటకు కొత్త కాదు. పాత విమానాశ్రయము దగ్గరనున్న ఒక భవనములోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు కోసి చూచి, మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ పనికే 1902లో నోబెల్ బహుమతి వచ్చినది. దోమే ఆయనకు పాఠము చెప్పగా, ఇంటి ముందున్న పశువు మనకు చెప్పదా?

పల్లెలో పెండ్లి జరిగి అన్నము మిగిలితే, పారవేయుట ఎందుకని గేదెకు పెట్టుదురు. ప్రేమతోనే పెట్టుదురు. గడ్డికి అలవాటుపడిన పొట్టలో అంత అన్నము ఒక్కసారిగా పులిసి ఆమ్లమగును. పొట్ట కదలిక ఆగును, పశువు కూలబడును. వంట సోడా పట్టించి, సెలైను ఎక్కించి కొన్నిటిని బ్రతికించగలము, కొన్నిటిని బ్రతికించలేము. మిగిలినది పారవేయలేక తినే తల్లులారా, మీ కడుపు కూడా చెత్తకుండీ కాదు.

బండి గుర్రములు లాగిన కాలములో సోమవారపు జబ్బు అని ఒకటుండెడిది. వారమంతా బరువు లాగిన గుర్రమునకు ఆదివారము సెలవు, దాణా మాత్రము తగ్గించరు. సోమవారము బండి కట్టగానే కొద్దిసేపటికే చెమటలు పట్టి, వెనుక కాళ్లు కొయ్యబారి, మూత్రము కాఫీ రంగులో వచ్చును. తెలిసిన సైసు ఏమి చేయును? సెలవు దినమున దాణా తగ్గించి, గుర్రమును కొంచెము నడిపించును. మనకు అదే జబ్బు రాదు గాని, ఆదివారము ఆరాధన ముగియగానే బిర్యానీ, తరువాత సాయంత్రము వరకు నిద్ర, సోమవారము మరల కుర్చీ. మన లెక్క ఎక్కడ తప్పుచున్నదో సైసుకు తెలియును.

మరియొక సంగతి. మలక్‌పేటలో పందెము గుర్రమును మొదటి దినమే పరుగెత్తించరు. వారముల తరబడి నడక, తరువాత దుడుకు, ఆ తరువాతనే పరుగు. కండ త్వరగా బలపడును, ఎముకకు, నరమునకు ఇంకా సమయము కావలెను. మన యౌవనులు జనవరి 1న నెక్లెస్ రోడ్డుమీద పరుగెత్తి, 4న మోకాలు పట్టుకొని కూర్చుందురు. మొదట పది నిమిషములు నడువుడి. మెట్రో స్టేషనులో మెట్లు ఎక్కుడి. షుగరు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టుడి.

కొందరు విశ్వాసులు 1 తిమోతి 4:8 చూపించి, శరీర సాధకము వ్యర్థమని పౌలే చెప్పెనందురు. మరల చదువుడి. కొంచెము ప్రయోజనమున్నదనే చెప్పెను. ఆ కొంచెము కూడా మనము తీసికొనుట లేదు!

నిర్గమకాండము 23:12లో దేవుడు విశ్రాంతి దినమును ఎద్దుకు, గాడిదకు, దాసికి పుట్టిన వానికి, పరదేశికి కలిపి ఇచ్చెను. అయ్యలారా, మీ యింటి గృహిణికి ఆ దినము దొరుకుచున్నదా? అందరికి వడ్డించి, చివర చల్లారినది తిని, బి.పి. మాత్ర అయిపోయిందని చెప్పుటకు మొహమాటపడు అక్కలు మన సంఘములలో ఎంతమంది! స్కూటరుకు సర్వీసింగు తేదీ జ్ఞాపకముండును. ఆమె పరీక్ష తేదీ జ్ఞాపకమున్నదా?

మంచముమీదనుండి ఈ కార్యక్రమము వినుచున్న ప్రియులారా, మీరు నొచ్చుకొనవద్దు. ఆ స్త్రీ రోగము ఆమె అజాగ్రత్తవలన వచ్చెనని యేసు అనలేదు. ఆమెను అబ్రాహాము కుమార్తె అని పిలిచి, అందరియెదుట ఆమె పక్షమున మాటలాడెను.

ప్రార్థించుదము. తండ్రీ, ఈ వారము పరీక్ష చేయించుకొనుటకు భయపడుచున్న వారికి ధైర్యము దయచేయుము. వారితో కూడ ఆసుపత్రికి వెళ్లుటకు ఇంటిలో ఒకరిని లేపుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.