అయిదు వ్యాజ్యములు, ఒక తీర్పు



ఏ ఆచార్యులవారి స్మృత్యర్థము మనమీ సాయంకాలము ఇచ్చట కూడితిమో, వారి సన్నిధిని చరిత్ర చదువుకొను భాగ్యము నాకు కలిగినది. అమెరికా రాజ్యాంగమును చెప్పునపుడు వారు లింకన్‌ను గూర్చి గాని, అంతర్యుద్ధమును గూర్చి గాని విస్తరించెడివారు కారు. ఆ కథ మీకు తెలిసినదే యని పుటలు త్రిప్పి, ఏదో యొక శాసనములోని ఒక్క పదముకడ ఆగి, ఆ పదమును నమ్ముకొని కోర్టుమెట్లెక్కిన మనుష్యులెవరో వెదకి రండని మమ్ము గ్రంథాలయమునకు పంపెడివారు. అట్లు పంపగా వెళ్లినవాడను, నేను నా పరిశోధనాకాలమున సగము 1875 మొదలు 1883 వరకు గల ఎనిమిదేండ్లలోనే గడిపితిని. నేటి ఉపన్యాసమున అధికభాగము ఆ ఎనిమిదేండ్లకే వెచ్చమగునేని సభవారు మన్నింపవలెను.

బానిసత్వమును నిషేధించిన 13వ సవరణము, పౌరసత్వమును సమరక్షణను ఇచ్చిన 14వది, ఓటుహక్కును గూర్చిన 15వది మీరెరిగినవే. 14వ సవరణములోని ఒక్క మాటను మాత్రము మనస్సున నుంచుకొనగోరెదను. ఏ రాష్ట్రమును ఏ వ్యక్తికిని శాసనముల సమరక్షణను నిరాకరింపరాదని అందున్నది. రాష్ట్రమనగా ప్రభుత్వము మాత్రమేనా, ఆ ప్రభుత్వపు అనుమతిపత్రముతో నడచు రైలుకంపెనీయు, నాటకశాలయు, బాటసారుల బసయు గూడనా? 1873లో న్యూ ఆర్లియన్సు కసాయివారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ సవరణమును ఎంత కుదించినదో చెప్పిన మంచి గ్రంథములు కలవు. నాకా ఘట్టమున కొత్తగా చెప్పదగినది లేదు గనుక దాటిపోవుచున్నాను.

మసాచుసెట్సు సెనేటరు చార్లెసు సమ్నరు 1870లో పౌరహక్కుల బిల్లును ప్రవేశపెట్టి, దానికొరకు నాలుగేండ్లు పోరాడి, అది శాసనము కాకమున్నే 1874 మార్చిలో కన్నుమూసెను. ఆ సంవత్సరము జనవరిలో ప్రతినిధిసభయందు జరిగిన యొక దృశ్యమును తలచుకొన్నప్పుడెల్ల నాకు గగుర్పాటు కలుగును. తిరుగుబాటు చేసిన దక్షిణ రాష్ట్రముల కూటమికి ఉపాధ్యక్షుడై, బానిసత్వమే తమ ప్రభుత్వమునకు మూలస్తంభమని చాటిన అలెగ్జాండరు స్టీఫెన్సు ఆ బిల్లును ఖండింపగా, దక్షిణ కారొలీనానుండి వచ్చిన నల్లజాతి ప్రతినిధి రాబర్టు బ్రౌను ఎలియటు లేచి, అదే సభలో, ఆ వృద్ధునికి ఎదురుగా సమాధానము చెప్పెను. 1875 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంటు బిల్లుపై సంతకము చేసెను. పాఠశాలల ప్రసక్తిని తొలగించిరి గాని, బసలలోను, నీటిపైనను నేలపైనను నడచు వాహనములలోను, నాటకశాలలలోను జాతివివక్ష చూపిన వాడు బాధితునికి 500 డాలర్లు చెల్లింపవలెనను నిబంధన నిలిచినది.

ఆ నిబంధనను నమ్ముకొన్నవారి అయిదు వ్యాజ్యములు కలిసి సుప్రీంకోర్టుకు చేరినవి. వానిలో నాలుగు కాన్సాసు, కాలిఫోర్నియా, మిస్సోరి, న్యూయార్కు రాష్ట్రములనుండి వచ్చినవని గమనింపవలెను. వివక్ష దక్షిణదేశపు దుర్గుణము మాత్రమేయను వాదము ఈ జాబితా ముందు నిలువదు. అయిదవది టెనిసీ నుండి వచ్చినది. 1879లో శాలీ రాబిన్సను అను నల్లజాతి యువతి తన అన్నదమ్ముల బిడ్డయో అక్కచెల్లెండ్ర బిడ్డయో యైన యువకునితో, మొదటి తరగతి టికెట్టు కొని మెంఫిసు-చార్లెస్టను రైలెక్కెను. స్త్రీల పెట్టెలోనికి పోబోవగా కండక్టరు అడ్డగించి పొగత్రాగువారి పెట్టెకు పంపెను. ఆ యువకుని మేనిచాయ తెలుపుగా నుండుటచే అతనిని తెల్లవానిగా భావించి, ఆమె శీలమును శంకించితినని కండక్టరు కోర్టులో చెప్పుకొనెను. అతడు నిజముగా అట్లు నమ్మియున్నచో కంపెనీది తప్పు కాదని న్యాయాధిపతి జూరీకి బోధించెను; జూరీ కంపెనీ పక్షముననే తీర్పుచెప్పెను. పూర్తిధర చెల్లించి టికెట్టు చేతబట్టుకొన్న స్త్రీకి, ఆమె చర్మమును జూచి ఆమె శీలమును నిర్ణయించిన మనుష్యుని సద్భావమే అడ్డుగోడయైనది.

1883 అక్టోబరు 15న ఎనిమిదిమంది న్యాయమూర్తుల పక్షమున బ్రాడ్లీ తీర్పు చదివెను. 14వ సవరణము రాష్ట్రముల చేతలనే కట్టడి చేయును గాని వ్యక్తుల చేతలను కాదనియు, బానిసత్వమునుండి వెలువడినవాడు ఏనాటికైనను శాసనముల ప్రత్యేకపోషణను విడిచి సామాన్యపౌరుని స్థాయికి రావలెననియు ఆ తీర్పు సారాంశము. విముక్తి కలిగి ఇరువదియేండ్లు నిండని జాతికి చెప్పిన మాట యిది! ఒక్కడు, జాను మార్షలు హార్లను, విభేదించెను. కెంటకీలో బానిసలున్న యింట పుట్టి, ఒకప్పుడు విమోచనమునే వ్యతిరేకించినవాడతడు. భిన్నాభిప్రాయమును వ్రాయుటకు కలము సాగక రాత్రులు గడుపుచుండగా, నల్లవారు పౌరులు కాజాలరన్న డ్రెడ్ స్కాట్ తీర్పును వ్రాసిన టేనీ వాడిన సిరాబుడ్డిని అతని భార్య వెదకి తీసి శుభ్రపరచి బల్లపై నుంచెననియు, అటుపిమ్మట కలము కదలెననియు ఆమెయే తన జ్ఞాపకములలో వ్రాసినది. రైలుమార్గమును బసయు ప్రజాసేవకై ఏర్పడినవి, బాటసారిని త్రిప్పిపంపు స్వేచ్ఛ వానికి ఆంగ్లదేశపు పూర్వన్యాయములోనే లేదు, ఇట్టి నిరాకరణము బానిసత్వపు ముద్రయే గనుక 13వ సవరణము క్రిందనే దానిని నిషేధింపవచ్చునని అతని వాదము. ఆ వాదములో నేటికిని నాకు లోపము కనబడలేదు.

ఇచ్చట నేనొక వివాదమును ప్రస్తావింపక ముందుకు పోజాలను. 1875 శాసనము పుట్టుకతోనే చచ్చినదనియు, జాతుల వేరుపాటు ఆచారముగా అప్పటికే స్థిరపడియుండగా కోర్టు ఆ ఆచారమును అంగీకరించినదే గాని కల్పించలేదనియు వాదించు చరిత్రకారులు కలరు. కఠినమైన వేరుపాటు 1890 ప్రాంతముననే వచ్చినదని 1955లో వ్రాసిన వాన్ వుడ్‌వర్డును వారు తప్పుపట్టుదురు. అనేకస్థలములలో వేరుపాటుకు పూర్వమున్నది కలయిక కాదు, సంపూర్ణ బహిష్కారమని రాబినోవిట్సు చూపిన సాక్ష్యమును నేను గౌరవింతును. పాఠశాలల విషయమున, ఆసుపత్రుల విషయమున అది సత్యము. రైలు విషయమున మాత్రము నేనొప్పుకొనను. ఆచారము అంత గట్టిదైనచో ఫ్లోరిడా 1887లోను, మిసిసిపి 1888లోను, టెక్సాసు 1889లోను, లూసియానా 1890లోను ప్రత్యేక శాసనములు ఏల చేయవలసివచ్చెను? నిలిచియున్న గోడకు ఎవడును దాపు పెట్టడు. టెనిసీ శాసనము 1881 నాటిది, తీర్పుకు ముందటిది కదా యని నా మిత్రులు అడ్డుప్రశ్న వేయుదురు. ఆ శాసనమునే చదువుడందును. మొదటి తరగతి ధర చెల్లించిన నల్లవారికి వేరుగానైనను మొదటి తరగతి పెట్టెనే ఈయవలెనని అందున్నది. టికెట్టు కొని, స్థలమడిగి, నిరాకరింపబడినపుడు దావా వేయు ప్రయాణికులు లేనిచో ఏ శాసనసభయు ఆ వాక్యము వ్రాయదు. శాలీ రాబిన్సనువంటివారు తెచ్చిన ఒత్తిడియే ఆ వాక్యము. చచ్చిన శాసనము అట్టి ఒత్తిడిని పుట్టించునా? శాసనమును చంపినది కాలము కాదు, కోర్టు.

అధ్యక్షులవారు చీటీ పంపినారు; ఇక త్వరపడెదను. తీర్పు వెలువడిన వారమునకే వాషింగ్టనులోని లింకన్ హాలులో ఫ్రెడరికు డగ్లసు నిరసనసభలో మాటలాడెను. ఉత్తర రాష్ట్రములు కొన్ని 1884 నుండి స్వంత శాసనములు చేసికొన్నవి. 1896లో ప్లెసీ వ్యాజ్యమున 'వేరైనను సమానము' అను సూత్రము వెలసినది. అప్పుడును హార్లను ఒంటరియే. 1954లో బ్రౌను తీర్పు పాఠశాలలలో ఆ సూత్రమును కూలద్రోసినది. మాంట్‌గొమరీ, బర్మింగ్‌హాం నగరముల పోరాటములు, 1963 నాటి వాషింగ్టను పాదయాత్ర మీకు చెప్పనక్కరలేదు.

1964 జూలై 2 నాటి పౌరహక్కుల శాసనమును గూర్చి ఒక్క సంగతి. హోటళ్లను గూర్చిన భాగము 1883 తీర్పుకు బలి కాకుండుటకై దానిని ముఖ్యముగా సమానత్వముపై గాక, రాష్ట్రముల నడిమి వ్యాపారమును నియంత్రించు అధికారముపై నిలిపిరి. బర్మింగ్‌హాంలో ఆలీస్ బార్బెక్యూ అను భోజనశాల వ్యాజ్యమును ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు పరిష్కరించినపుడు, నల్లవానికి లోపల కూర్చుండి తిను హక్కు కలదా యనుట, అచ్చట కొన్న సరకులలో 46 శాతమైన మాంసము ఇతర రాష్ట్రములనుండి వచ్చినదను లెక్కపై ఆధారపడెను. హక్కు గెలిచినది, నేను సంతోషించితిని. కాని మనుష్యుని గౌరవమును మాంసపు బిల్లుతో నిరూపింపవలసివచ్చుట 1883 పెట్టిన శిక్ష.

1965లో ఓటుహక్కు శాసనము వచ్చెను. ఆ యేడే వలసశాసనము మారెను. 1946 నుండి భారతీయులకు ఏటికి నూరుమందికి మాత్రమే చోటుండగా, ఆ కోటాపద్ధతి తొలగుటచేతనే మన తెలుగు వైద్యులును ఇంజనీర్లును వేలకొలది అచ్చటికి పోగలిగిరి. నల్లవారి పోరాటము పుట్టించిన గాలియే ఆ తలుపును తెరచినది. అచ్చట స్థిరపడిన మనవారు ఈ సంగతిని తమ బిడ్డలకు చెప్పుదురు గాక. 2013లో షెల్బీ కౌంటీ తీర్పు ఓటుహక్కు శాసనమును బలహీనపరచెను. 2023లో సియాటిల్ నగరము కులవివక్షను నిషేధించెను; ఆ వివక్ష మనతో వెళ్లిన సామానులోనిదే. వీనిపై మరియొకరు మరియొకనాడు మాటలాడవలెను.

2000 సంవత్సరమున మారిసను వ్యాజ్యమున సుప్రీంకోర్టు, స్త్రీలపై హింసకు సంబంధించిన శాసనభాగమును కొట్టివేయుచు, 1883 తీర్పునే ఆధారముగా పేర్కొనెను. బ్రాడ్లీ తీర్పును కోర్టు నేటికిని రద్దుచేయలేదు. ఈ సభలోని విద్యార్థులు బ్రాడ్లీ వ్రాసినదానిని, హార్లను వ్రాసినదానిని ప్రక్కప్రక్కన బెట్టుకొని చదివి, వానిని తెలుగులోనికి తేవలెనని ఆచార్యులవారి పేర ప్రార్థించుచున్నాను.